షెవర్లే కప్పు

రేషన్ రొట్టెల సంచితో సందు మలుపు తిరిగిన ఎలెవుతేరియోకి కటింగ్ మిషను రొద వినిపించింది. కార్దెనాస్ ఊళ్ళో ఆ రొదకు అర్థం ఒక్కటే: బీచికొచ్చే టూరిస్టుల కోసం ఎవరో పాత కారు కప్పు కోసేస్తున్నారు. నెత్తిన ఎండ పడకపోతే ఆ మహానుభావులకు కారెక్కినట్టే ఉండదు మరి.

మిషను పట్టుకున్నది తన తమ్ముడు ఒస్మానీయే. కోస్తున్నది నాన్న కొన్న నలభై తొమ్మిదో సంవత్సరం మోడల్ షెవర్లే కారు. కప్పును మోసే ముందు కమ్మీలు రెండూ అప్పటికే తెగాయి.

"ఒరేయ్, ఆపు."

"ఆపను అన్నయ్యా. కప్పున్న కారు ఎవడెక్కుతున్నాడు?"

"అది నాన్నదిరా."

"ఏది నాన్నది? ఇంజను వోల్గా కారుది, బ్రేకులు ట్రాక్టరువి, వెనక సీటు అత్త సోఫా."

"అందుకేరా. మిగిలింది ఆ కప్పొక్కటే."

చిన్నప్పుడు ఆ కప్పు కిందే ఇంటిల్లిపాదీ ఏడుగురూ ఇరుక్కుని సముద్రానికి పోయేవాళ్ళు. చెల్లెలు నెరేయిదా ఆసుపత్రి దాకా ఆగలేక ఆ కప్పు కిందే పుట్టింది. నాన్న కిటికీలోంచి చెయ్యి బయటపెట్టి, కప్పు మీద దరువేస్తూ నడిపేవాడు. అమ్మ తిట్టేది, తిడుతూనే పాడేది. ఎలెవుతేరియో జీవితంలో అంత సుఖం మళ్ళీ ఎరగడు.

ఒస్మానీ మిషను మధ్య కమ్మీకి ఆనించాడు. నిప్పురవ్వలు ఎగిశాయి.

ఇక ఎలెవుతేరియోకి ఒళ్ళు తెలియలేదు. సంచి విసిరేసి తమ్ముడి జుట్టు పట్టి, మొహాన్ని తలుపుకేసి కొట్టాడు. ముక్కు చితికింది. ఒస్మానీ తిరగబడి మిషను ఊపితే పెద్దవాడి పిక్క చీరుకుపోయింది. ఇద్దరూ రొట్టెల మీదే పడి దొర్లారు, గుద్దుకున్నారు, కొరుక్కున్నారు. నెత్తురోడుతూ ఒస్మానీ కుడిచేత్తో కారు కమ్మీ పట్టుకుని లేచాడు. ఆ చేతి మీద ఎలెవుతేరియో పక్కనే పడున్న వీల్ స్పానరుతో కొట్టాడు. ఒకటి కాదు, మూడు దెబ్బలు. ఎముకలు పటపట విరిగాయి.

తమ్ముడు కూలబడ్డాడు. వేళ్ళు తలా ఒక దిక్కుకు తిరిగి ఉన్నాయి. ఎలెవుతేరియో స్పానరు పారేసి, చొక్కా విప్పి ఆ చేతికి చుట్టి, వాణ్ణి ఎత్తి వెనక సీట్లో పడేసి, ఆసుపత్రికి బండి తీశాడు.

మొదటి గుంతలోనే కప్పు కిర్రుమంటూ కిందికి వాలింది. ఒస్మానీ ఎడమచెయ్యి ఎత్తి దాన్ని పైకి నెట్టి పట్టుకున్నాడు.

"వదిలెయ్‌రా, పోతే పోనీ," అన్నాడు ఎలెవుతేరియో. ఏడుస్తున్నాడు.

"నెమ్మదిగా పోనీ అన్నయ్యా. రేకు వంగిందంటే మళ్ళీ అతకడం నా వల్ల కాదు."

ఇరవై ఏళ్ళుగా ఆ కారుకు ప్రతి అతుకూ వేసింది ఒస్మానీయే. అంత పల్చటి రేకుకు వెల్డింగ్ చేయగలవాడు ఊళ్ళో ఇంకొకడు లేడు. ఎలెవుతేరియో అద్దంలో చూశాడు. చొక్కా చుట్టిన కుడిచెయ్యి తమ్ముడి ఒళ్ళో పడి ఉంది. అతను బండి నెమ్మది చేశాడు.