ఎర్త్ పిట్‌కు దప్పికేసిన రోజు

డిప్లొమా మూడో ఏడాదిలో ఆరు నెలలు ఏదైనా పెద్ద కంపెనీలో పని నేర్చుకుని రావాలి. తనకు సువర్ణముఖి మోటార్స్‌లో చోటొచ్చిందని పాలిటెక్నిక్ నోటీసు బోర్డులో చూడగానే ఉమ్మే హబీబా కాళ్లు నేల మీద నిలవలేదు.

తండ్రి అబ్దుల్ సత్తార్‌కు చిత్తూరులో మోటార్లకు కాయిల్ చుట్టే షాపు. చుట్టుపక్కల పల్లెల్లో బోరు మోటారు కాలిపోయిందంటే ఎద్దులబండి మీదో, మోపెడ్ మీదో ఆయన దగ్గరికే వచ్చేది. రాగి తీగల మధ్య, వార్నిష్ వాసనలో పెరిగిన హబీబాకు కాలిన మోటార్లు చూసీ చూసీ విసుగు. కొత్త మోటార్లు వందలకొద్దీ తయారయ్యే చోటు ఎట్లా ఉంటుందో చూడాలని ఎన్నాళ్లనుంచో ఆశ.

అది తొంభై తొమ్మిదో సంవత్సరం, మే నెల. తిరుపతిలో పిన్నమ్మ ఇంట్లో దిగి, మొదటి సోమవారం పొద్దున్నే కంపెనీ బస్సెక్కింది. అలిపిరి దగ్గర ఎక్కినవాళ్లు కొండవైపు తిరిగి ఒక దండం పెట్టుకుని, సీట్లో పడీపడగానే నిద్రపోయారు. హబీబాకు మాత్రం నాయుడుపేట రోడ్డు పొడుగునా కళ్లు మూతపడలేదు. కంపెనీ గేటు దాటి షెడ్డులో అడుగుపెట్టాక నోరు కూడా మూతపడలేదు. ఈ కొసన నిలబడి చూస్తే ఆ కొసనున్న మనిషి బొమ్మల కొలువులో బొమ్మంత కనిపిస్తున్నాడు.

టెస్టింగ్ సెక్షన్ ఇంజనీరు హరినాథ్ మాటిమాటికీ చేతి గడియారం చూసుకునే మనిషి. ఆమె కాగితాలు చూసి, కిటికీ పక్కన కుర్చీ చూపించాడు.

"ఈడ కూచోమ్మా. రిజిస్టర్లో గీతలు కొట్టు. మిషన్ల దగ్గరికి మాత్రం పోవద్దు. ఆడపిల్లవు, ఏమన్నా అయితే మీ వాళ్లకు నేను జవాబు చెప్పలేను."

ఎనిమిది రోజులు గీతలు కొట్టింది. ఎర్ర గీత, నీలం గీత. గీతలు కొడుతూనే, కళ్లు మాత్రం టెస్ట్ బల్ల మీదే పెట్టింది. తయారైన ప్రతి మోటారూ లారీ ఎక్కేముందు ఆ పొడుగాటి ఇనుప బల్ల మీద ఒకసారి తిరగాల్సిందే. దాన్ని నడిపేది మునస్వామి. తడ దగ్గరి మనిషి, మాటల్లో అరవ యాస, తలంతా నెరిసింది. ఆయనకు సాయం పెంచలయ్య. ఆ షెడ్డులో నవ్వు ఎక్కడ పుట్టినా మొదలు పెంచలయ్య దగ్గరే.

వాళ్లిద్దరూ బల్ల ముందు ఒక చెక్క పలక వేసుకుని దాని మీదే నిలబడేవాళ్లు. బల్లను ముట్టుకోవాల్సి వస్తే ముందు వేళ్ల వెనకవైపు ఆనించి, చటుక్కున తీసేసేవాళ్లు. పెనం కాలిందా లేదా అని చూసుకున్నట్టు.

"ఆ పలకెందుకన్నా?" అని ఒకరోజు కుర్చీలోనుంచే అడిగింది హబీబా.

"బల్ల కొంచెం కొరుకుతాది పాపా. ఎండాకాలం వస్తే దానికి తిక్క," అన్నాడు మునస్వామి.

తొమ్మిదో రోజు పొద్దున పెంచలయ్య ఒక ప్లాస్టిక్ బకెట్ తెచ్చి ఆమె ముందు పెట్టాడు. మొహం చూస్తే పెళ్లి పెద్దలా గంభీరంగా ఉంది.

"హబీబమ్మా, మోటార్లలో లీకైన కరెంటంతా షెడ్డు వెనకాల ఎర్త్ పిట్‌లో చేరతాది. నిండిపోయినట్టుండాది. ఈ బకెట్‌తో కొంచెం తోడుకోని రా."

చుట్టూ ఉన్నవాళ్లు మొహాలు అటు తిప్పుకున్నారు. కొత్తగా ట్రైనింగ్‌కు వచ్చిన ప్రతివాళ్లనూ ఇట్లా పంపించడం అక్కడి ఆనవాయితీ. పోయినేడాది ఒకాయన తోడడానికి చెంబు కోసం గంటసేపు వెతికాడట.

హబీబాకు సంగతి క్షణంలో అర్థమైంది. అయినా కోపం రాలేదు. ఎగతాళికైనా సరే, ఆ కుర్చీలోనుంచి లెమ్మన్న మొదటి మనిషి పెంచలయ్యే.

"అట్లనే అన్నా," అని బకెట్ అందుకుంది.

షెడ్డు వెనకాల గోడవారన సిమెంటు తొట్టి, దాని మీద ఇనుప మూత. మూత తీస్తే లోపల గరాటు బిగించిన పైపు. చూడగానే ఇంటికొచ్చినట్టనిపించింది. వాళ్ల షాపు వెనకాల కూడా ఇట్లాంటిదే ఒకటుంది. ప్రతి శుక్రవారం నమాజు నుంచి రాగానే అబ్బా దాంట్లో రెండు బిందెలు నీళ్లు పోయించేవాడు. ఏదో ఒకరోజు ఆ పైపు చిగురు వేస్తుందని చిన్నప్పుడు హబీబా ఎదురుచూసేది. కొంచెం పెద్దయ్యాక అబ్బా చెప్పాడు: "దారి తప్పిన కరెంటు మనిషి ఒంట్లోకి రాకుండా భూమిలోకి పోయే దోవ, బేటీ, ఇది. తడి ఉంటేనే దోవ. ఎండితే గోడ."

ఈ తొట్టిలో తడి లేదు సరికదా, నెర్రెలు విచ్చి ఉంది. గరాటు పక్కనుంచి ఒక బల్లి విసుక్కుంటూ బయటికొచ్చింది.

పక్కనే కొళాయి. ఒక బకెట్ పోసింది. గుడగుడమని తాగేసింది. ఇంకొకటి. పది బకెట్లు పోసినా నీళ్లు పైకి రాలేదు.

దుపట్టా తడిసి, మొహం కందిపోయి తిరిగొచ్చిన పిల్లను చూడగానే పెంచలయ్య అడిగాడు. "తోడుకోనొచ్చినావా మే?"

"తోడేదానికి ఏమీ లేదన్నా. దానికే దప్పికగా ఉండాది. పది బకెట్లు తాగి ఇంకా కావాలంటాంది."

షెడ్డంతా గొల్లుమంది. పెంచలయ్య పొట్ట పట్టుకుని వంగిపోయాడు. హబీబా కూడా నవ్వింది. నవ్వుతూనే అంది: "బల్ల కొరికేది తిక్కతో కాదన్నా. భూమిలోకి పోయే దోవ ఎండిపోయిండాది. కరెంటుకు వేరే దోవ లేక మీ చేతుల్లోకి వస్తాంది."

నవ్వు తెగిపోయింది. మునస్వామి తన కాళ్ల కింది పలక వంక చూసుకున్నాడు.

"ఏం జరుగుతా ఉంది?" అంటూ హరినాథ్ వచ్చాడు. సంగతి విని, పోయి, భూమిలోకి దోవ ఎంత తెరిచుందో కొలిచే ఎర్త్ టెస్టర్ పట్టుకొచ్చాడు. అందరూ షెడ్డు వెనక్కి కదిలారు. మేకులు దిగ్గొట్టి, తీగలు తగిలించి, పిడి తిప్పాడు. రెండు ఓములు దాటకూడని ముల్లు ముప్పై ఎనిమిది దగ్గర నిలబడింది. అదీ ఒక పిట్‌లో పది బకెట్లు పోశాక. మిగిలిన మూడు పిట్లూ అంతే. నెలనెలా నీళ్లు పోసినట్టు కాంట్రాక్టరు సంతకాలు మాత్రం పుస్తకంలో పచ్చగా ఉన్నాయి.

హరినాథ్ గడియారం చూసుకున్నాడు. గేటు దగ్గర లారీ ఆగి ఉంది. నలభై మోటార్లు సాయంత్రానికి మద్రాసు చేరాలి. హబీబాకు భయం పట్టుకుంది. గీతలు కొట్టుకోవాల్సిన పిల్ల కంపెనీ పని ఆపించిందని కాలేజీకి ఉత్తరం పోతుందేమో!

హరినాథ్ గడియారం విప్పి జేబులో వేసుకున్నాడు.

"బల్ల ఆపెయ్ మునస్వామీ."

"సార్, లారీ..."

"లారీ నిలబడతాది. షాక్ కొడితే మనిషి నిలబడడు."

ఆ తరువాత జరిగింది పని అనాలో తిరునాళ్ల అనాలో ఎవరికీ తెలియలేదు. కొళాయి దగ్గర్నుంచి నాలుగు పిట్ల దాకా మనుషులు బారులు తీరారు. బకెట్లు, డబ్బాలు, క్యాంటీన్ గుండిగలు చేతులు మారుతూ పోయాయి. తడి నిలవాలంటే బొగ్గూ ఉప్పూ కావాలని హబీబా అంటే, ఇప్పుడు యాడ తెచ్చేదని హరినాథ్ తల గోక్కున్నాడు. ఇంతలో క్యాంటీన్ దేవకమ్మ రెండు మూటలు తోపుడు బండి మీద తోసుకుంటూ వచ్చింది.

"బొగ్గు నాది, ఉప్పు నాది, పోసేది మీరు. రేపు సాంబారు సప్పగా ఉండాదని ఎవురన్నా అనండి, అప్పుడు సెప్తా!"

లారీ డ్రైవరు కూడా లుంగీ ఎగ్గట్టి వరసలో నిలబడ్డాడు. ఎవరో పెంచలయ్య నెత్తిన ఒక బకెట్ గుమ్మరించారు. "నేనేమన్నా ఎర్త్ పిట్‌నా అప్పా?" అని అతను అరిస్తే, "నీకూ కొంచెం తిక్కుండాది, దిగుతాది," అన్నాడు మునస్వామి. మే నెల ఎండలో తడిసిన మనుషులంతా బడి వదిలిన పిల్లల్లా కేరింతలు కొట్టారు.

గంటకోసారి టెస్టర్ పిడి తిప్పమని హరినాథ్ హబీబా చేతికే ఇచ్చాడు. ముప్పై ఎనిమిది పోయి పదకొండు. పదకొండు పోయి నాలుగు. నాలుగు గంటలప్పుడు ఆమె ముల్లు మీదికి వంగి, మళ్లీ ఒకసారి చూసుకుని, గట్టిగా అరిచింది.

"ఒకటిన్నర!"

ఈలలు, చప్పట్లు. మునస్వామి లోపలికి పోయి బల్లకు కరెంటిచ్చి, పలకను కాలితో పక్కకు నెట్టి, అరచెయ్యి మొత్తం బల్ల మీద పరిచాడు. పాలిచ్చే బర్రె వీపు నిమిరినట్టు నిమిరాడు.

"కొరకలేదు పాపా," అన్నాడు.

సాయంత్రం లారీ కదిలాక హరినాథ్ ఆమె దగ్గరికి వచ్చాడు. "మూడేండ్లుగా ఆ పలకను చూస్తా ఉన్నానమ్మా. ఎందుకని ఒక్కరోజన్నా అడగలేదు. నువ్వు అడిగినావు." కిటికీ పక్కనున్న కుర్చీ వంక చూసి, "రేపట్నుంచి నీ పని బల్ల దగ్గరే. గ్లవ్స్ మునస్వామి ఇస్తాడు," అన్నాడు.

ఆ రాత్రి పిన్నమ్మ ఇంట్లో హబీబా తిన్న అన్నానికి లెక్కలేదు.

పెంచలయ్యే ఆమెకు గురువయ్యాడు. క్లాంపు ఎట్లా బిగించాలో, ఏ శబ్దం వస్తే ఏ బేరింగ్ వంకరగా కూర్చుందో దాచుకోకుండా చెప్పాడు. నెల తిరిగేసరికి శబ్దం పట్టడంలో ఆమె చెవి మునస్వామి చెవికి దగ్గర పడింది. అప్పుడప్పుడు ఆయన కళ్లు మూసుకుని, "ఇదేంది సెప్పు?" అనేవాడు. ఆమె చెప్పేది. చాలాసార్లు సరిపోయేది. సరిపోకపోతే ఇద్దరూ కలిసి మోటారు విప్పేవాళ్లు.

జులై ఆఖర్లో వంద హార్స్‌పవర్ మోటారొకటి బల్ల మీదికొచ్చింది. ఏదో తాగునీటి పథకానికట. క్రేను దింపుతుంటేనే నేల అదిరింది. అన్నీ బిగించాక మునస్వామి రెండడుగులు వెనక్కి వేశాడు.

"పాపా, నువ్వే నడుపు."

హబీబా బిస్మిల్లా అనుకుని పచ్చ బటన్ నొక్కింది. మీటరు ముల్లు ఒక్కసారి ఎగిరి, తొణికి, దిగివచ్చి నిలిచింది. అంత పెద్ద ఇనుము తేనెతుట్టెలా సన్నగా, నిదానంగా మోగుతోంది. ఆ మోత పాదాల్లోంచి ఎక్కి ఆమె గుండెదాకా వచ్చింది. అరగంట నడిపింది. అన్నీ రాసుకుంది. మోటారు టెస్ట్ కార్డు మీద "టెస్ట్ చేసినవారు" అన్నచోట మునస్వామి తన పెన్ను ఆమెకే అందించాడు. ఉమ్మే హబీబా అని పూర్తిగా రాసింది. ఇంకు ఆరిందాకా ఊదింది.

సాయంత్రం బస్సు దిగీదిగగానే ఎస్టీడీ బూత్‌కు పరుగెత్తింది. అవతల అబ్బా గొంతు.

"వంద హార్స్‌పవరా! నో లోడ్‌లో, ఊరికే తిరిగేటప్పుడు, కరెంటు ఎంత లాగింది?"

"నలభై రెండు ఆంపియర్లు, అబ్బా."

"బేరింగ్?"

"పిల్లి నడిచినట్టుంది."

"వేడి? ఎంతసేపటికి..."

మాట మధ్యలోనే రిసీవర్ చేతులు మారింది. తల్లి వహీదున్నీసా.

"మోటారు బాగుంది, విన్నాం. నువ్వు ఎట్లున్నావు? మధ్యాహ్నం తిన్నావా?"

"తిన్నానమ్మీ. దేవకమ్మ వద్దన్నా వినకుండా రెండోసారి వడ్డించింది."

వెనకనుంచి అబ్బా అరుస్తున్నాడు. "వోల్టేజీ అడుగు! ముందు వోల్టేజీ ఎంతో అడుగు!"

"మీ అబ్బాకు ఇవ్వను, నువ్వు కూర ఏందో చెప్పు," అంది వహీదున్నీసా. హబీబా బూత్ అద్దానికి ఆనుకుని, కళ్లలో నీళ్లొచ్చేదాకా నవ్వుతూనే ఉంది.