ఒక మగ్గం, రెండు కాగితాలు

నూలు ఆఫీసు గుమాస్తా చెప్పిన మాటకు చౌడేశ్వరమ్మకు అరికాలి మంట నెత్తికెక్కింది.

"నీకు కార్డు రాదమ్మా. మీ మగ్గం దొరస్వామి షావుకారిది. మీ ఆయన ఆయన కింద కూలి. మగ్గం ఉండేవాళ్లకే నూలు."

యుద్ధం పుణ్యమా అని నూలుకు కంట్రోలు వచ్చి రెండేళ్లయింది. కార్డు ఉంటేనే నూలు, నూలు ఉంటేనే మగ్గం ఆడేది, మగ్గం ఆడితేనే పొయ్యి వెలిగేది. గుమాస్తా లిస్టు తిప్పి చూపించాడు. దొరస్వామి పేరు కింద నలభై మగ్గాలున్నాయి. ఆ నలభై మగ్గాల నూలూ ఆయన కొట్టుకే పోతోంది. అందులో సగం రాత్రికి రాత్రే కొండ దాటి నల్లబజారుకు పోతోందని నగరి ఊళ్లో అందరికీ తెలుసు. తెలిసి ఏం లాభం, షావుకారు ఎదురుపడితే భుజం మీంచి తువ్వాలు దించే ఊరే కదా!

"మా మామ చేయించిన మగ్గం అది. షావుకారిది ఎప్పుడయిందప్పా?" అని అడిగింది.

"మీ ఆయనే వేలిముద్ర వేసిచ్చినాడు. పోయి ఆయన్నే అడుగు" అన్నాడు గుమాస్తా.

అడగకుండా ఉంటుందా? ఇంటికొచ్చి గుమ్మంలో నిలబడే అడిగింది. గుంట మగ్గంలో కూర్చున్న రామలింగయ్య అడ్డ నూలు విసిరే నాడె వదిలేసి తల దించుకున్నాడు. పది మాటలకు ఒక మాట చెప్పే మనిషి. సంతకం చెయ్యడం వచ్చు, మూడో తరగతి దాకా చదివాడు కూడా. అలాంటివాడు వేలిముద్ర ఎందుకు వేశాడు?

"కొత్త పడుగు ఎక్కించిన నాడు" అన్నాడు మెల్లగా.

ఆమెకు అర్థమైపోయింది. వాళ్ల ఇళ్లల్లో కొత్త పడుగు, అంటే నిలువు నూలు, ఎక్కించే నాడు మగ్గానికి పూజ చేస్తారు. నేసేవాడు బొటనవేలు కుంకుమలో అద్ది మగ్గం గుంజకు బొట్టు పెడతాడు. జానెడు గుడ్డ నేసేదాకా ఇంట్లో ఎవరూ కాదు, కూడదు అనకూడదు. పడుగు ఇచ్చినవాడు తాంబూలానికి వస్తే, ఆయన మాటకు ఎదురాడరు. ఆ రోజు దొరస్వామి నవ్వుతూ వచ్చి, తాంబూలం తీసుకుని, పళ్లెంలోనే రెండు కాగితాలు పెట్టాడు. "ఆ వేలితోనే వీటికీ రెండు బొట్లు పెట్టబ్బా, శుభం" అన్నాడు. కుంకుమ వేలితోనే పెట్టేశాడు రామలింగయ్య. చదువుతానంటే కాదన్నట్టు అవుతుందని చదవలేదు.

"దేవుడి పూజలో దొంగ లెక్కన దూరినాడే!" అంది చౌడేశ్వరమ్మ. మొగుణ్ణి తిట్టాలో షావుకారును తిట్టాలో తెలియక ఇద్దర్నీ కలిపి తిట్టింది.

అంతటితో అయిపోలేదు. షావుకారే ఇచ్చిన ఎర్ర నూలు ఆ నెల రంగు వదిలింది. నేసిన చీరలన్నీ మరకలు. ఆమె ఇంట్లోనే కాదు, వీధి వీధంతా అదే గతి. మర్నాడు దొరస్వామి మనిషి వచ్చి రెండో కాగితం నకలు చేతిలో పెట్టి, చదివి మరీ వినిపించాడు. రామలింగయ్య సొంతంగా పని ఒప్పుకున్నవాడట, షావుకారు కింద కూలి కాదట, సరుకు చెడితే నష్టం అంతా ఆయనదేనట. ఆ నష్టం కింద శుక్రవారం వచ్చి మగ్గం ఊడదీసుకుపోతామన్నాడు.

చౌడేశ్వరమ్మ తమ్ముడు దేవరాజులు పక్క వీధిలోనే ఉంటాడు. అతని మగ్గమూ ఆ లిస్టులోదే, అతని చీరలూ మరకలే. పరుగున వెళ్లి చెబితే, "షావుకారితో మనకెందుకక్కా, కాళ్లు పట్టుకుందాం" అన్నాడు.

"నీ కాళ్లు ఇరగ! పట్టుకోను నేను" అని ఆమె వచ్చేసింది. తెల్లారి మొగుణ్ణి వెంటబెట్టుకుని పెట్రోలు కరువుకు బొగ్గుతో నడిచే బస్సెక్కి చిత్తూరు పోయింది. బస్సు రెండుచోట్ల ఆగిపోతే దిగి తోశారు. ఆమె తోసిన తోపుకు కండక్టరే బెదిరిపోయాడు.

చిత్తూరు కోర్టు పక్కన చిన్న గదిలో ప్రేమానందం అనే వకీలు ఉన్నాడు. పెద్ద వకీళ్ల దగ్గరికి పోలేనివాళ్లకు ఒప్పందాలు రాసిపెట్టడం, చదివి చెప్పడం ఆయన పని. ఆయన నకలు చదివాడు. ఒకరోజు కూర్చోబెట్టి, నూలు ఆఫీసు నుంచి మొదటి కాగితం నకలు కూడా తెప్పించాడు. రెండూ బల్ల మీద పక్కపక్కన పెట్టి కళ్లజోడు తీశాడు.

"రాసుకునే ముందు రాండి అని మొత్తుకుంటా. ఒక్కరూ రారు. గొంతు మీదికి కత్తొచ్చినాక వస్తారు" అని ముందు వాళ్లిద్దర్నీ కసిరాడు.

"పూజ నాడు పెట్టమంటే పెట్టినాడయ్యా. అది తప్పా?" అని చౌడేశ్వరమ్మ ఆయన మీదా లేచింది.

ఆయన కోప్పడలేదు. "తప్పు వాడిదేనమ్మా. విను. కూలి వేరు, సొంతంగా పని ఒప్పుకునేవాడు వేరు. కూలి అయితే మగ్గం షావుకారిది, నష్టమూ షావుకారిదే. సొంతదారైతే నష్టం మీది, కానీ మగ్గం మీది, నూలు కార్డు మీది, ఎవరికైనా నేసుకునే హక్కు మీది. నూలు తీసుకునేటప్పుడు మిమ్మల్ని కూలి చేసినాడు. నష్టం వచ్చేటప్పుడు సొంతదారును చేసినాడు. రెండు కాయితాలకూ ఒకటే తేదీ."

అక్కడికక్కడే నూలు ఆఫీసరుకు అర్జీ రాసి పంపించాడు. కూలి, సొంతదారు అనే ఆ రెండు మాటలూ చౌడేశ్వరమ్మ బస్సులో వస్తూ దారంతా నెమరేసుకుంది.

ఆ అర్జీ మీద శుక్రవారం పొద్దున నూలు ఆఫీసరు నగరిలోనే విచారణ పెట్టాడు. దొరస్వామి జరీ అంచు పంచె కట్టుకుని వచ్చాడు, సాక్షిని కూడా తెచ్చుకున్నాడు. ఆ సాక్షి దేవరాజులు. అక్కను చూసి గోడకేసి తిరిగాడు. నిన్నటిదాకా తన ఇంట్లో తిన్న తమ్ముడు!

ప్రేమానందం అరిచిందీ లేదు, చేతులు ఊపిందీ లేదు. మొదటి కాగితం తీసి, "ఈ మగ్గం ఎవరిదండీ?" అన్నాడు.

"నాదే" అన్నాడు దొరస్వామి.

"మరి మీ మగ్గాన్ని మీరే జప్తు చేసుకుంటారా?" అని రెండో కాగితం ఆఫీసరు ముందు పెట్టాడు. రెండింటి మీదా ఎర్రగా కుంకుమ ముద్రలు. రామలింగయ్యను పిలిచి సంతకం పెట్టమంటే, గుండ్రటి అక్షరాలతో శుభ్రంగా పెట్టాడు. సంతకం వచ్చినవాడి చేత పూజలో వేలిముద్ర ఎందుకు తీసుకున్నారని ఆఫీసరు అడిగితే షావుకారు తడబడ్డాడు.

కానీ గట్టివాడు, వెంటనే తేరుకున్నాడు. "గుమాస్తా పొరపాటు సార్. ఈ ఒక్క మగ్గం రామలింగయ్యదే. నష్టం కూడా వదిలేస్తా ఉండాను. తక్కిన ముప్పైతొమ్మిదీ నావే" అన్నాడు.

ఆఫీసరు ఆ రెండు కాగితాలూ కొట్టివేసి కొత్త కార్డు రాయించాడు. ప్రేమానందం కాగితాలు సర్దుకుంటూ, "నీ పని అయిందమ్మా" అన్నాడు.

అయిందా? కార్డు చేతికొచ్చింది, మగ్గం ఇంట్లోనే ఉంటుంది. రామలింగయ్య కళ్లు తుడుచుకుంటున్నాడు. చౌడేశ్వరమ్మకు మాత్రం కోపం ఇంకా పెరిగింది. ఒకదాన్ని వదిలి ముప్పైతొమ్మిది మింగడానికి వాడు కూర్చున్నాడు, ఆ ముప్పైతొమ్మిదిలో ఒకటి తన నాయన మగ్గం.

"సామీ, మా తమ్ముడి మగ్గం సంగతేంది?" అంది.

ఆఫీసరు దేవరాజులు వైపు చూశాడు. "ఏమయ్యా, నీ మగ్గం ఎవరిది?"

దొరస్వామి కూడా చూశాడు. దేవరాజులు గుటకలు మింగాడు. "షావుకారిదే సామీ" అన్నాడు.

చీదరించుకుని బయటికి పోవాలనిపించింది ఆమెకు. పోలేదు.

"సరే సామీ, వాడు కూలోడే. మగ్గం షావుకారిదే. అట్టయితే మరక చీరల నష్టం కూడా షావుకారిదేనని ఈ విచారణ కాయితంలోనే రాయించండి. వాడొక్కడిదే కాదు, ముప్పైతొమ్మిది మగ్గాలదీ రాయించండి. కూలోడికి నష్టం యాడిది? అడగండి మా వకీలయ్యను!"

ప్రేమానందం సర్దుకున్న సంచీ మళ్లీ కింద పెట్టాడు. "ఆమె చెప్పేది న్యాయమే సార్" అన్నాడు.

ఆఫీసరు కలం సిరాలో ముంచాడు. "రాయమంటారా?"

ముప్పైతొమ్మిది మగ్గాల మరకలూ ఒక్కసారిగా కళ్ల ముందు కనిపించినట్టున్నాయి దొరస్వామికి. కుర్చీలోంచి ఎగిరి లేచాడు. "అదెట్టా సార్! వీళ్లు చెడగొడితే నాకేం సంబంధం? ఎవడి మగ్గానికి వాడే బాధ్యుడు. మగ్గం వాడిది, నష్టం వాడిది!"

ఆఫీసరు ఆ మాటే, ఉన్నది ఉన్నట్టు రాసుకున్నాడు. రాసి, సంతకం పెట్టమని షావుకారు ముందుకు తోశాడు. రంగు నిలవని నూలు ఇచ్చిందెవరో అది వేరే విచారణలో తేలుస్తానన్నాడు.

దేవరాజులు నోరు తెరుచుకుని అందరి మొహాలూ చూశాడు. చివరికి అక్క దగ్గరికి వచ్చి, గొంతు తగ్గించి అడిగాడు.

"అక్కా, మగ్గం నాదేనా?"

నాయన చేతులతో తవ్విన గుంటలో పుట్టినప్పటి నుంచీ ఆడుకున్నవాడు, ఇరవై ఏళ్లుగా అందులో కూర్చుని నేస్తున్నవాడు అడిగాడు ఆ మాట. షావుకారు మీద, ఆఫీసు మీద, తమ్ముడి మీద దాచుకున్న తిట్లన్నీ చౌడేశ్వరమ్మ నోటి దాకా వచ్చాయి. ఒక్కటీ బయటికి రాలేదు. కొంగు నోట్లో కుక్కుకుని, అంతమంది మగాళ్ల మధ్య బావురుమని ఏడ్చింది.