తూకానికి రాని దుప్పటి

ఉదయం పది దాటగానే రిసార్టు నేలమాళిగలోని గొట్టంలోంచి దుప్పట్లు దిగడం మొదలయ్యేది. పై మూడు అంతస్తుల గదులలో మనుషులు పడుకొని లేచిన దుప్పట్లు ఆ గొట్టంలో జారి, కింద ఉన్న తొట్టిలో ఒకదానిమీద ఒకటిగా పడేవి. వాటిని గదివారీగా విడదీసి, కాటా మీద ఉంచి, అరవై కిలోలకు ఒక విడతగా మిషనులోకి పంపడం తూకాలక్క పని. కన్నవారు పెట్టిన పేరు ఆమెకు ఒకటి లేకపోలేదు గాని, పదకొండేళ్ళుగా ఆ పేరుతో ఎవరికీ అవసరం పడలేదు.

దుప్పట్లను తూచక తప్పదు. ఉతికి ఆరవేసిన దుప్పటి కిలోకు కొంచెం తక్కువే ఉంటుంది. మనిషి ఒక రాత్రి పడుకొని లేచిన తర్వాత అదే దుప్పటి మూడు కిలోలు తూగవచ్చు, తొమ్మిది తూగవచ్చు. మనసు మోసుకొని తిరుగుతున్నదానిలో కొంత, నిద్రలో సడలి నూలులోకి ఇంకుతుంది. ఇది అందరూ ఎరిగిన సంగతే. మిషను అమ్మినవారు సైతం దాని వాడకపు పుస్తకంలో ‘అతిథుల దుప్పట్లను తూచి వేయవలెను’ అని ఒక్క వాక్యం అచ్చువేసి ఊరుకున్నారు. ఒకప్పుడు పుల్లలా ఉన్న ఒక ముసలామె దుప్పటి ఇరవైయేడు కిలోలు తూగింది. తూచకుండా వేసినందుకు మిషను బెల్టు తెగి రెండు రోజులు పని ఆగింది. ఉతికిన నీరు కాలువ వెంట సాగి సముద్రంలో కలుస్తుంది. అది కలిసేచోట అలలు కాస్త ఆలస్యంగా లేస్తాయి.

పై అంతస్తులలో మనుషులను తూచే పద్ధతి వేరు. కారులోంచి సామాను దించకముందే అక్కడ పేర్లు పెట్టడం పూర్తయ్యేది. గదుల బాధ్యత చూసే సూపర్‌వైజరమ్మ ఇంటర్‌కమ్‌లో, “పన్నెండులో సెల్ఫీ జంట, పద్నాలుగులో తువ్వాళ్ళు ఎత్తుకెళ్ళే బాపతు, పదిహేడులో తిండికోసం పుట్టిన కుటుంబం” అని చెప్పి పకపక నవ్వేది. వచ్చినవారూ తక్కువవారు కారు. ఇక్కడివాళ్ళకు పొద్దస్తమానం నవ్వడం, నమస్కరించడం తప్ప విచారమనేది తెలియదని తమ ఊళ్ళకు పోయి చెప్పుకునేవారు. ఇక ఊరిదో మాట: రిసార్టుకు వచ్చేవాళ్ళంతా కొవ్వెక్కినవాళ్ళు, అందులో పనిచేసేవాళ్ళంతా సిగ్గు వదిలినవాళ్ళు.

తూకాలక్క మొగుడికి ఊళ్ళో మంగలి దుకాణం ఉంది. ఊరి మాటలన్నీ ఆ కుర్చీలో కూర్చున్నవారి నోటనే పుట్టి, తెగిన వెంట్రుకలతోపాటు నేలమీద రాలేవి. ఆమె పనికి కుదిరిననాడు అతడు ఒకే ఒక షరతు పెట్టాడు.

“కింద ఎంతసేపు చేసినా ఫరవాలేదు. పైకి మాత్రం వెళ్ళకు. మా ఆవిడ మెట్లెక్కదని దుకాణంలో అందరికీ చెప్పుకున్నాను.”

నేలమాళిగనుంచి పైకి ఇరవైరెండు మెట్లు. పదకొండేళ్ళలో ఆమె ఒక్క మెట్టూ ఎక్కలేదు. లాండ్రీవాళ్ళు అతిథుల కంటపడితే ఉద్యోగం పోతుందని రిసార్టు నియమం కూడా ఉండడంచేత, ఆ షరతు ఆమెకు భారమనిపించలేదు.

ఆ వారం ఇరవైయారో గదిలో దిగినాయనకు సూపర్‌వైజరమ్మ ‘నవ్వుల సారు’ అని పేరు పెట్టింది. ఒంటరిగా వచ్చాడు. పూలచొక్కా, గడ్డిటోపీ. ఈతకొలను దగ్గర పిల్లలచేత పాటలు పాడించాడు. ఎప్పుడూ ముఖం ముడుచుకొని ఉండే వంటాయన చేత చిందులు వేయించాడు. మూడోనాడు చేతి గడియారం తీసి గేటు దగ్గరి కాపలాదారుకు ఇచ్చేశాడు. నాలుగోనాడు వడ్డన చేసే కుర్రాడికి తన కొత్త బూట్లు ఇచ్చాడు. ఎంత మంచి మనసో, ఎంత పెద్ద చెయ్యో అని అందరూ మెచ్చుకున్నారు.

ఆయన దుప్పటి మొదటినాడు కిలోమీద పావు తూగింది. రెండోనాడు కిలో. మూడోనాడు అర. నాలుగోనాడు తూకాలక్క దానిని కాటా మీద పెట్టబోతే అది పళ్ళానికి బెత్తెడు ఎత్తున ఆగిపోయింది. ముల్లు కదలలేదు.

మిషను నడిపే ముసలాయనను అందరూ బాబాయి అంటారు. ఆయన చేతులు తుడుచుకుంటూ వచ్చి చూసి బుగ్గలు నొక్కుకున్నాడు.

“సున్నా! నా సర్వీసులో సున్నా చూళ్ళేదమ్మాయ్. ఎంత పుణ్యాత్ముడో, దిగులన్నదే లేదు.”

“సున్నా అంటే దిగుల్లేదని కాదు బాబాయ్.”

“మరేంటి?”

“దిగులు లేకపోతే దుప్పటి బరువైనా రావాలి కదా. అది కూడా రాలేదు.”

బాబాయి మళ్ళీ ముల్లు వంక చూశాడు.

తూకాలక్కకు ఆ సున్నా కొత్తది కాదు. ఆరేళ్ళ కిందట, పుట్టింటి పెరట్లో, తమ్ముడి దుప్పటి తీగమీద ఆరవేయబోతే అది చేతికి బరువు తెలియకుండా గాలిపటంలా నిలువునా లేచింది. తమ్ముడు ఇదే రిసార్టులో, ఈతకొలను దగ్గర ఎర్రముక్కు తగిలించుకొని పిల్లలను నవ్వించేవాడు. “నీకు చీకూ చింతా లేదురా, హాయైన బతుకు నీది!” అని ఆమె నవ్వింది. వాడూ నవ్వాడు. మరునాటి పొద్దుటికి వాడు లేడు. తనంతట తానే ఈ లోకంనుంచి వెళ్ళిపోయాడు. ఎందుకో ఎవరికీ చెప్పలేదు. రిసార్టులో తాగుడు మప్పి ఉంటారని ఊరు తేల్చేసింది. వాడు జన్మలో గ్లాసు ముట్టలేదు.

ఆమె ఇంటర్‌కమ్ అందుకుంది.

“అమ్మా, ఇరవైయారులో సారుని ఒకసారి చూస్తారా? ఎట్లా ఉన్నారో కనుక్కోండి.”

“ఆయనకేం తల్లీ!” అన్నది సూపర్‌వైజరమ్మ. “పొద్దున్నే నన్ను కూడా నవ్వించాడు. ఇవాళ సాయంత్రం ఖాళీ చేస్తానన్నాడు. నీ దుప్పట్లు నువ్వు చూసుకో.”

ఆమె ఆ బరువులేని దుప్పటిని ఎగిరిపోకుండా చంకన అదిమిపట్టి, మెట్లు ఎక్కసాగింది. పదకొండో మెట్టు దగ్గర మొగుడి ముఖం కళ్ళముందు మెదిలింది. అక్కడ ఆగింది. ఆపైన ఆగలేదు.

తలుపు తట్టగానే తీశాడాయన. గది సర్ది ఉంది. పెట్టె మూసి పట్టీ బిగించి ఉంది. తువ్వాళ్ళు చదరంగా మడిచి, వాటిమీద తాళంచెవి పెట్టి ఉంది.

“నేనేం పిలవలేదే?” అన్నాడు నవ్వుతూ.

“దుప్పటి మడతపెట్టాలి సారూ. రెండో మనిషి కావాలి.”

“ఇదేం రిసార్టమ్మా! ఇవాళ దుప్పటి మడతలు, రేపు ఉండిపోతే గిన్నెలు కూడా తోమిస్తారా?”

“ఉండిపోతే చూద్దాం లెండి. ఆ కొస పట్టుకోండి.”

ఆమె గొంతులో ఏమి వినిపించిందో, ఆయన మారుమాట లేకుండా రెండు కొసలూ అందుకున్నాడు. ఇద్దరూ చెరోవైపు జరిగారు. దుప్పటి వారి నడుమ కిందికి వాలకుండా, పైకప్పు వైపు ఉబ్బి నిలిచింది.

“ఎంత తేలిగ్గా ఉందో! మంచిదేగా?”

“ఇది మీదే సారూ. మా తమ్ముడిదీ ఇట్లాగే ఉండేది.”

“ఏం చేస్తాడు మీ తమ్ముడు?”

“అందర్నీ నవ్వించేవాడు. ఇక్కడే, కొలను దగ్గర.”

“ఇప్పుడు?”

“లేడు.”

ఆయన ముఖాన నవ్వు అలాగే ఉంది, ఇంటివారు ఊరికి పోయినా వీధిగుమ్మంలో వెలుగుతూ ఉండిపోయిన దీపంలా.

“ఆ రోజు నేను వాణ్ణి అడగలేదు సారూ. బాగున్నాడనుకున్నాను. అందుకే మిమ్మల్ని అడుగుదామని వచ్చాను. మీరు బాగున్నారా?”

గాలి కిటికీ తెరను ఒకసారి లేపి వదిలింది. ఆయన కొసలు వదలలేదు.

“నవ్వించేవాణ్ణి ఎవరూ ఆ మాట అడగరమ్మా,” అన్నాడు చివరికి. “మా పాప తొమ్మిది నెలలు ఆసుపత్రిలో ఉంది. రోజూ వెళ్ళి నవ్వించేవాణ్ణి. ఆఖరి రోజున కూడా నవ్వించాను. అది పోయాక... ఆపడం ఎట్లాగో తెలీలేదు.”

దుప్పటి మెల్లగా చదునయ్యింది.

“ఆఫీసులో వాళ్ళు ఎంత ధైర్యస్థుడివయ్యా అన్నారు. పెళ్ళిళ్ళకి పిలిచి నన్ను ముందు కూర్చోబెడతారు. ఇక్కడైనా ఊరికే ఉండనిస్తారనుకుని వచ్చాను. దిగిన గంటకే నవ్వుల సారు అన్నారు. ఇక సరే అనుకున్నాను. ఈ పూటకి...”

“ఆ మాట అట్లా ఉంచండి. ఇట్లా దగ్గరికి రండి, మడత వేద్దాం.”

మొదటి మడత పడింది. దుప్పటి నడుమ కొంచెం కిందికి వాలింది. పాప పళ్ళు ఎలా ఉండేవో, ఏ కథను మళ్ళీ మళ్ళీ చెప్పించుకునేదో ఆయన చెబుతూపోయాడు. ఆమె వింటూ కొస అందిస్తూ ఉంది. రెండో మడతకు ఆయన భుజాలు వంగాయి.

“అబ్బా! చేతులు లాగేస్తున్నాయి. ఏంటిది?”

“ఉండాలి సారూ. వదలకండి.”

మూడో మడత వేయలేక ఇద్దరూ మంచం అంచున కూలబడ్డారు. దుప్పటి వారి ఒళ్ళో రాతిపలకలా ఉంది. అప్పుడు వచ్చింది ఆయనకు ఏడుపు. ఏడవడం అలవాటు లేకపోవడంవల్ల మొదట అది దగ్గులా వినిపించింది.

“ఇంట్లో ఎవరున్నారు?”

“అక్క ఉంది. మాట్లాడి ఏడాదైంది.”

“ఇప్పుడే ఫోన్ చెయ్యండి. ఆవిడ వచ్చేదాకా ఈ గదిలో ఒంటరిగా ఉండొద్దు.”

ఆయన ఫోన్ తీసి చెవిన పెట్టుకున్నాడు. “అక్కా...” అని ఆగి, మళ్ళీ “అక్కా, నువ్వు రావే” అన్నాడు. తెరిచిన గుమ్మంలో సూపర్‌వైజరమ్మ నిలబడి ఉన్నది అప్పుడే. మంచం మీద ఇద్దరు మనుషులు, ఒళ్ళో దుప్పటి, కన్నీళ్ళ ముఖాలు. ఆమెకు పేరు పెట్టడానికి ఎక్కువసేపు పట్టలేదు.

“ఈవిడ తప్పేం లేదండీ,” అన్నాడాయన.

“తెలుసు సార్,” అని ఆమె చిరునవ్వు నవ్వింది. ఆ నవ్వు చూడగానే తూకాలక్కకు తన ఉద్యోగం పోయిందని అర్థమైంది. అయినా లేవకముందు ఒక మాట అడిగింది.

“వాళ్ళ అక్క వచ్చేదాకా ఎవర్నైనా ఇక్కడ కూర్చోబెట్టండమ్మా. నన్నేమైనా అనండి. అది మాత్రం చెయ్యండి.”

సూపర్‌వైజరమ్మ నవ్వు ఆరిపోయింది. ఆమె ఆయన ముఖం వంక మొదటిసారి చూస్తున్నట్టు చూసి, “బాబాయిని పైకి రమ్మంటాను,” అన్నది.

సాయంత్రానికి ఊరంతా తెలిసింది. మంగలి కుర్చీలో కూర్చున్నవారు ఆ పూట చిత్రంగా మాటలు మానేశారు. మొగుడు ఇంటికి వచ్చి ఆమెను ఏమీ అడగలేదు. ఆమె చెప్పబోతే వినలేదు. వసారాలో నేలమీద దుప్పటి పరుచుకొని గోడవైపు తిరిగి పడుకున్నాడు. పొద్దున్నే దుకాణానికి వెళ్ళిపోయాడు.

మధ్యాహ్నం కాకుండానే తిరిగివచ్చి గుమ్మంలో నిలబడ్డాడు.

“మీ మిషను బాబాయి వచ్చాడు. గడ్డం నున్నగానే ఉంది, అయినా గీయమని కూర్చున్నాడు. దుకాణం నిండా జనం. అందరూ వినేట్టు ‘ఆ దుప్పటి పదకొండున్నర కిలోలు తూగిందని మీ ఆవిడతో చెప్పు’ అన్నాడు. మళ్ళీ, ‘తెల్లారేదాకా పక్కనే కూర్చున్నాను, పొద్దున్నే వాళ్ళ అక్క వచ్చి చెయ్యి పట్టుకు తీసుకెళ్ళింది’ అన్నాడు. ఏంటిదంతా?”

ఆమె కొంగు నోటికి అడ్డం పెట్టుకుంది.

“ఆ సారు బతికే ఉన్నాడని.”

అతడు చెప్పులు విప్పి లోపలికి వచ్చాడు.

“జనం ఏమన్నారు?” అని అడిగింది.

“ఏమంటారు? అనేవాళ్ళు అంటూనే ఉన్నారు.”

వసారాలో అతడు పడుకున్న దుప్పటి ఇంకా తీయలేదు. ఆమె వంగి రెండు కొసలు పట్టుకుంది. అతడు మిగిలిన కొసలు అందుకున్నాడు. లేపబోతే అది నేలకు అంటుకుపోయినట్టు ఉంది. ఇద్దరూ ఒక్కసారిగా ఎత్తితే గాని లేవలేదు.

“ఇంత బరువుందేంటి?”

“నీదే.”

అతడు తల దించుకున్నాడు. మొదటి మడత వేశారు. ఆ ఇంట్లో ఆరేళ్ళుగా ఎవరూ ఎత్తని మాట అప్పుడు ఎత్తాడు.

“మీ తమ్ముడి దుప్పటి ఎంత ఉండేదో ఎప్పుడైనా చూశావా?”

“చూశాను. గాలిలో తేలింది. బాగుందని నవ్వాను.”

అతడు రెండో మడతకని ఆమె దగ్గరికి నడిచివచ్చాడు. కొసలు ఆమె చేతికి ఇచ్చాడు గాని, చేతులు వెనక్కి తీసుకోలేదు.