సూక్ష్మ అని రాసిన కాగితం

సింహాద్రి ముప్పై నాలుగేళ్లు భిలాయి ఉక్కు ప్లాంటులో, ఇనుము కరిగించే బ్లాస్ట్ ఫర్నేసు దగ్గర ఫిట్టరుగా చేసి రిటైరయ్యాడు. అంత నిప్పును రోజూ చూసిన మనిషి కంటికి ఇంకేదీ ఆనదు. ఎవరైనా మూడంతస్తుల మేడ కట్టారని చెబితే, అది మా ఫర్నేసు మోకాలి దాకానైనా వస్తుందా అని అడిగేవాడు.

అలాంటి మనిషికి కూతురి షెడ్డు ఏం ఆనుతుంది? భిలాయిలోనే మరోదా పేటలో ఇంటి వెనక రేకుల షెడ్డు. రెండు పాత లేతు మిషన్లు, ఒక డ్రిల్లింగు మిషను, వాటి మీద పనిచేసే ఇద్దరు టర్నర్లు. కల్యాణి అక్కడ కంచు బుష్షులు చేయిస్తుంది. చక్రానికీ ఇరుసుకీ మధ్య కూర్చుని, అరుగుదలంతా తన మీద వేసుకునే ఉంగరం లాంటి ముక్క అది.

మూడు నెలలుగా పని లేదు. ఇంతలో ఒక పెద్ద ఫ్యాక్టరీ రెండేళ్లకు సరిపడా బుష్షుల కోసం సీలు వేసిన కవర్లలో టెండర్లు పిలిచింది. ఇది రాకపోతే ఒక లేతు అమ్మేసి ఇద్దరు టర్నర్లనూ పంపించెయ్యాలని కల్యాణి అన్నం కెలుకుతూ చెప్పింది. కాగితాలన్నీ సర్ది, కవరు అంటించమని తండ్రి చేతికిచ్చింది.

సింహాద్రికి దేన్నైనా మూత బిగించే ముందు లోపల ఒకసారి తడిమి చూసుకోవడం ప్లాంటులో అబ్బిన అలవాటు. చూశాడు. ఒక సర్కారీ సర్టిఫికెట్టు. కల్యాణి పేరు, షెడ్డు పేరు, వాటి కింద పెద్ద అక్షరాలతో హిందీలో 'సూక్ష్మ' అని ఉంది. ఆయన ప్రాణం ఉసూరుమంది. సూక్ష్మమంటే కంటికి కనపడని పురుగుకి పెట్టే పేరు కదా! ప్లాంటు మనుషులకు గ్రేడే సర్వస్వం. గ్రేడును బట్టి క్వార్టరు, క్వార్టరును బట్టి పెళ్లిలో కుర్చీ. పెళ్లికొడుకు పేరు కంటే ముందు గ్రేడు అడిగే ఊరది. అట్టడుగు గ్రేడు మనమేనని మనమే రాసిచ్చుకుంటే బుష్షులెవడు కొంటాడు? షరతుల కాగితం ఇంగ్లీషులో ఉంది, ఆయన దాని జోలికి పోలేదు. సర్టిఫికెట్టు నాలుగు మడతలు పెట్టి చొక్కా జేబులో దాచి, కవరు శుభ్రంగా అంటించేశాడు. కూతురికి మేలు చేశానని హాయిగా నిద్రపోయాడు కూడా.

మర్నాడు ఫ్యాక్టరీ హాల్లో టెండరు పెట్టె ఒంటిగంటకు మూస్తారనగా, అక్కడే పదకొండింటికి ఊళ్లోని ఫ్యాక్టరీలకూ ప్లాంటుకూ సరుకు పంపేవాళ్లందరికీ మీటింగు పెట్టారు. తండ్రీకూతుళ్ల పక్కన ఊళ్లోనే రుఆబాంధా పేట నుంచి వచ్చిన అచ్చమ్మ అనే ముసలావిడ కూర్చుంది. నాలుగు కుట్టుమిషన్ల యజమానురాలు.

వేదిక మీద అధికారిణి హిందీలో వివరించింది. సర్కారు రెండే చూస్తుంది: మిషన్ల మీద ఎంత పెట్టారు, ఏడాదికి ఎంత అమ్మారు. నేల, గోడలు లెక్కలోకి రావు. మిషన్లు రెండున్నర కోట్లు, అమ్మకం పది కోట్లు దాటనంత వరకు సూక్ష్మమే. ఆ పైన చిన్నవి, ఆ పైన మధ్యస్థం. అంతకు మించితే ఈ మెట్లమీదే ఉండరు.

సింహాద్రి మనసులో లెక్క కట్టాడు. తమలాంటి షెడ్లు యాభై పక్కపక్కన నిలబెట్టినా మొదటి మెట్టు దాటేలా లేవు. గుండె ఝల్లుమంది. ఇరవయ్యేళ్ల వయసులో ఫర్నేసు కింద తొలిసారి తల ఎత్తి చూసినప్పుడు ఇలాగే అయింది. ఇంత వెడల్పు మెట్టును ఆయన పురుగు అనుకున్నాడు.

సూక్ష్మం వాళ్లు చేతులెత్తమంది అధికారిణి. ఏ ఇద్దరో ముగ్గురో అనుకుని వెనక్కి తిరిగాడు. హాలంతా చేతులే. నట్లు, బోల్టుల వాళ్లు, వెల్డింగు అద్దాల వాళ్లు, గాస్కెట్ల వాళ్లు. మెళ్లో బిళ్లల మీదున్న కంపెనీ పేర్లన్నీ ఆయన ముప్పై నాలుగేళ్లు అట్టపెట్టెల మీద చదివి, పెట్టెలు చింపి పారేసినవే. పక్కన అచ్చమ్మ కూడా చెయ్యెత్తింది. ఏం కుడతారని అడిగాడు.

"ఫర్నేసోళ్ల గ్లౌజులు బాబూ. ఇరవయ్యేళ్లుగా మాయే ఎల్తన్నాయి లోపలికి."

సింహాద్రి తన అరచేతులు తిప్పి చూసుకున్నాడు. ఒక్క కాలిన మచ్చ లేదు. ఇవి ఎవరు కాపాడారని ఒక్కనాడూ అడగలేదు. అంత పెద్ద ఫర్నేసు, హాల్లో లేచిన ఈ చేతుల మీద నిలబడి ఉంది! ఆయనకు కళ్లు చెమర్చాయి.

అంతలో అధికారిణి చివరి మాట చెప్పింది. సూక్ష్మం, చిన్న వాళ్లు టెండరుతో పాటు డిపాజిట్టు కట్టక్కర్లేదు. కవరులో ఆ సర్టిఫికెట్టు ఉంటే చాలు. డిపాజిట్టూ లేక అదీ లేకపోతే టెండరు చెల్లదు. కల్యాణి కవరు పట్టుకుని పెట్టె వైపు లేచింది. డిపాజిట్టు కట్టడానికి ఆమె దగ్గర డబ్బు లేదు.

ఆయన కూతురి చెయ్యి పట్టుకున్నాడు. "ఆగమ్మా. ఆ కాయితం అందులో లేదు. నానే తీసీసినాను."

"క్యోం నాన్నా?"

"సిన్నోలమని రాసుందని సిగ్గేసినాది."

ఇంకా చొక్కా జేబులోనే ఉన్న ఆ కాగితం తీసి ఇచ్చాడు. కల్యాణి తండ్రి ముఖంలోకి ఒకసారి చూసింది. కవరు నోరు చించి, మడతల కాగితం సాపు చేసి అన్నిటికంటే పైన పెట్టింది. అంటించడానికి జిగురు లేదు. అచ్చమ్మ సంచీలోంచి సూది తీసి, గ్లౌజులు కుట్టే లావు దారంతో కవరు నోరు కుట్టేసింది. మూత గట్టిగా ఉండి పైన సంతకం ఉంటే చాలన్నాడు పెట్టె దగ్గరి గుమాస్తా. కల్యాణి కుట్టు మీద సంతకం చేసింది. ఒంటిగంటకు ఇంకా పది నిమిషాలుండగా కవరు పెట్టెలో పడింది.

సింహాద్రి మాత్రం తిరిగొచ్చి కూర్చోలేదు. అందరూ ఎప్పుడో చేతులు దించేశారు. ఆయన హాలు మధ్యలో నిలబడి కుడిచెయ్యి ఎత్తాడు. ఏమిటి సందేహమని అధికారిణి అడిగింది.

సందేహం ఏమీ లేదనీ, తమదీ సూక్ష్మమేననీ, ఇందాక తను చెయ్యి ఎత్తలేదనీ తనకొచ్చిన హిందీలో గట్టిగా చెప్పాడు.