ఫెర్న్ ఎందుకు వాడుతోంది?

పంజాగుట్టలో ఆ వాటాలోకి వచ్చాక వసుమతి చేతిలో బతికి బట్టకట్టిన మొక్క ఒక్కటే, వెనక బాల్కనీలోని ఫెర్న్. గులాబీ పోయింది, మందారం పోయింది, ఎవరింట్లోనైనా పాకే మనీప్లాంట్ కూడా పోయింది. "నీ చెయ్యి పడితే మొక్కకి మూడినట్టే," అని భర్త రాఘవయ్య ఆటపట్టిస్తే, ఆవిడ ఫెర్న్ వైపు వేలు చూపించి ఆయన నోరు మూయించేది. ఇప్పుడు ఆ ఫెర్నే ఎండిపోతోంది. ఆకుల కొనలు గోధుమరంగుకి తిరిగి, ముట్టుకుంటే పొడిపొడిగా రాలుతున్నాయి.

వసుమతికి ఏడుపొచ్చింది. ఆ వెంటనే పంతమూ వచ్చింది. వీధిలో ఎవరు ఎవరితో ఎందుకు మాట్లాడటం మానేశారో ఇట్టే చెప్పగల మనిషి, ఇంట్లో మొక్క సంగతి కనుక్కోలేదా?

ముందు ఆకు తిప్పి చూసింది. అడుగున గోధుమరంగు చుక్కలు! పురుగు దొరికిందనుకుని వేపనూనె సీసా మూత కూడా తీసింది. కానీ ఆ చుక్కలు ఈనెకి అటూ ఇటూ వరసగా, ముగ్గుకి పెట్టినట్టు సమానంగా ఉన్నాయి. పురుగులకి ఇంత క్రమశిక్షణ ఎక్కడిది? ఫోన్లో వెతికితే తెలిసింది, ఫెర్న్‌కి పువ్వులూ గింజలూ ఉండవట. ఆ చుక్కల్లోంచి రాలే పొడితోనే పిల్ల మొక్కలు వస్తాయట. ఆవిడ గబుక్కున సీసా మూత బిగించింది.

ఎదురు వాటా హైమవతి వచ్చి, "పుల్లమజ్జిగ పొయ్యండి వదినగారూ, మా కరివేపాకు దానితోనే లేచింది," అంది. మజ్జిగ గ్లాసుతో వెళ్లిన వసుమతి ముందు మట్టిలో వేలు పెట్టి చూసింది. తడిగానే ఉంది. మరి దాహం కాదు. ఇంకేంటి?

అప్పుడు కంటబడింది కుండీ అంచు. తెల్లగా పొర కట్టి ఉంది. బాత్రూమ్ బకెట్ల మీద, కుళాయి మూతి మీద పేరుకునే పొరే. బోరు నీళ్ల ఉప్పు! దొంగ దొరికాడని సంబరపడబోయి మళ్లీ ఆగింది. రెండేళ్లుగా పోస్తున్నది ఈ నీళ్లే. అప్పుడు లేని జబ్బు ఇప్పుడెందుకొచ్చింది?

కుండీ చుట్టూ నేల చూసింది. ఎండాకాలమంతా చెమ్మగా, పాచిపట్టి జారే గచ్చు ఈసారి పొడిగా ఉంది. తలెత్తి పైకి చూసింది. పైగది ఏసీకి, నీళ్లని పక్కగా కిందకి దింపే కొత్త పైపు.

అది పెట్టించింది తనే. ఈ బాల్కనీలో ఆరేసిన చీరల మీద ఏసీ నీళ్లు కారుతున్నాయని మార్చిలో పైగది కుర్రాడు నరేశ్ మీద విరుచుకుపడింది. చాలదన్నట్టు కింద ఉండే ఓనరు కామరాజుకి ఫిర్యాదు కూడా చేసింది. గాల్లో తేమ చుక్కలై కారే ఆ నీళ్లలో ఉప్పు ఉండదు. అవే కుండీలో పడి బోరు ఉప్పుని కడిగేస్తూ వచ్చాయన్నమాట. తన చేతి చలవ అనుకున్నదంతా ఏసీ చలవేనా!

ఉక్రోషం వచ్చినా ఫెర్న్ బతకాలి కదా. తిట్టిన నోటితోనే నీళ్లు అడగడానికి బకెట్ పట్టుకుని మెట్లెక్కింది.

నరేశ్ తలుపు తీశాడు. గదినిండా అట్టపెట్టెలు.

"మళ్ల నీళ్లు పడుతున్నయా ఆంటీ? పైపు మంచిగనే పెట్టించిన గద," అన్నాడు కంగారుగా.

"అది కాదు బాబూ. ఈ పెట్టెలేంటి?"

"ఖాళీ చేస్తున్న. కంప్లయింట్ వచ్చిందని ఓనర్ సారు వేరే రూమ్ చూసుకోమన్నడు. యూసుఫ్‌గూడల ఒకటి దొరికింది. అమ్మ నెలనెలా గీ పక్క దవాఖానకు వస్తది ఆంటీ, గీడికైతే నడిచి వచ్చేది. ఆడికెల్లి జర దూరం. ఏం ఫికర్ లే, చూసుకుంట." ఆమె చేతివైపు చూశాడు. "బకెట్ ఎందుకు?"

వసుమతి బకెట్‌ని వెనక్కి దాచుకుంది. ఇంత సిగ్గు ఆవిడకి ఎప్పుడూ వేయలేదు. "ఏం లేదు నాయనా. సర్దడం కాస్త ఆపు," అని గబగబా దిగింది. తన తలుపు దాటి, కిందకి వెళ్లి కామరాజు ఇంటి బెల్లు నొక్కింది.

"ఏంటమ్మా, మళ్లీ కారుతోందా?" అన్నాడాయన విసుగ్గా.

"లేదండీ. ఆ పైపు తీయించండి, ఆ అబ్బాయిని ఉండనివ్వండి," అంది వసుమతి. "చీరలు నేను ముందువైపు బాల్కనీలో ఆరేసుకుంటాను."