అమ్మమ్మ పెనం ఎవరు తోమారు?

అమ్మమ్మను పూడ్చిపెట్టే రోజు ఉదయం ఆస్‌డిస్ పెద్దమ్మ వంటింటి అలమర తెరిచేసరికి, అమ్మమ్మ పెళ్ళినాటి నుంచి నీటి చుక్క తగలని అట్ల పెనాన్ని ఎవరో తళతళలాడేలా తోమేసి ఉంచారు.

పెద్దమ్మ అరవలేదు. ఆమె కస్టమ్స్ అధికారిగా చేసి రిటైరైన మనిషి. ఓడల్లో దొంగసారా పట్టుకున్నప్పుడు కూడా అరిచేది కాదట. పెనాన్ని ముక్కు దగ్గర పెట్టుకుంది.

"సబ్బు," అంది. తరవాత నావైపు తిరిగి, "ఉన్నుర్, తలుపు వెయ్యి. ఎవర్నీ కదలనివ్వకు."

ఇది ఎంత ఘోరమో అర్థం కావాలంటే అమ్మమ్మ గురించి చెప్పాలి. హాల్‌దోరా అమ్మమ్మ తొంభై దాటి బతికింది. పద్నాలుగేళ్ళకే మా రేవులో హెర్రింగ్ చేపలకు ఉప్పు పట్టించి పీపాల్లో పేర్చేది. కూలి చాలదని తోటి ఆడపిల్లల్ని కూడగట్టి, ఆ వేసవే యజమానిని పీపాలో కూర్చోబెట్టిందంటారు. "అబద్ధం, వాడే పడ్డాడు. మూత మాత్రం నేనే వేశాను," అనేది. లైసెన్సు లేకుండా ముసలితనం దాకా జీపు నడిపింది. ఐదుగుర్ని కని ఎనిమిదిమందిని పెంచింది. మిగతా ముగ్గురూ ఎవరని అడిగితే, "భోజనాల వేళకు వచ్చారు, మళ్ళీ వెళ్ళలేదు," అనేది. రేడియోలో మరణవార్తలు వచ్చేటప్పుడు ఇల్లంతా నోరు మూసుకోవాలి. "ప్రేమగల భర్త" అని చదివితే, "ఎవరికి?" అని రేడియోను నిలదీసేది. కిందటి ఆదివారం చర్చిలో పాటబృందంతో పాడుతూ, రెండో చరణం మధ్యలో, పై స్వరం అందుకోబోతూ కూలిపోయింది. పాటబృందం మూడో చరణం కూడా ముగించాకే కదిలిందని ఊళ్ళో చెప్పుకుంటున్నారు. మధ్యలో ఆపితే లేచి తిడుతుందని భయం.

ఇన్ని చేసిన మనిషి గొప్ప చెప్పుకున్నది మాత్రం పెనం గురించే. "నా పెనం స్నానం చెయ్యదు, అందుకే నా అట్టు జారిపోతుంది," అని బిషప్పుకు కూడా చెప్పింది. పెద్దమ్మ చేత మాట తీసుకుంది: "నన్ను పూడ్చి వచ్చినవాళ్ళకు నా పెనం మీదే అట్లు పొయ్యాలి. ఒక్కటి అంటుకున్నా లేచి వస్తా."

పెద్దమ్మ పిండి కలిపి ఒకటి పోసి చూసింది. అంటుకుంది. అట్లకాడతో లాగితే గుడ్డపీలికల్లా చిరిగింది. రెండోదీ అంతే. మధ్యాహ్నానికి ఊరు ఊరంతా వస్తుంది. పైగా మహిళా సంఘం అధ్యక్షురాలు యోరున్ ముందురోజే ఫోన్ చేసి, తన కరెంటు పెనం కావాలంటే పంపిస్తానంది, పాపం. అమ్మమ్మ పెనం వట్టి గొప్పేనని ఏళ్ళ తరబడి గొణుగుతున్న మనిషి ఆవిడ. తల్లికి ఇచ్చిన మాట యోరున్ పెనం మీద తీర్చడం కంటే పెద్దమ్మకు ఉద్యోగంలో లంచం తీసుకున్నానని ఒప్పుకోవడమే తేలిక.

మొదటి అనుమానం మోగెన్స్ పెదనాన్న మీద. ఆయనది డెన్మార్క్. కంటికి కనిపించిందల్లా కడుగుతాడు. కిందటేడు మా చెత్తడబ్బా కడిగి పెట్టాడు.

"కూర్చో," అంది పెద్దమ్మ.

"ఆస్‌డిస్, నేను మీ ఆయన్ని."

"అది తరవాత చూద్దాం. పెనం ఎందుకు తోమావు?"

"నేనా? మన పెళ్ళిరోజున మీ అమ్మ నా చెవిలో ఏమందో తెలుసా? 'నా కూతుర్ని ఏమైనా అను, నా పెనం జోలికి మాత్రం రాకు' అంది."

"ఏమైనా అనమందా?"

"అంది. నీ నోటి మీద ఆవిడకు అంత నమ్మకం."

పెద్దమ్మ ఆయన చేతులు పట్టుకుని గోళ్ళు చూసింది. వదిలేసింది. నా చేతులూ చూసింది.

కిటికీ దగ్గర తాతయ్య కోల్బెయిన్ నల్ల సూటు వేసుకుని, చక్కెర బిళ్ళ కాఫీలో ముంచుకుని చప్పరిస్తున్నాడు.

"అంటుకుంటే లేచి వస్తానందిగా," అన్నాడు. "అంటుకోనివ్వండి."

పెద్దమ్మ పెనాన్ని బల్ల మీద పెట్టి, ఫోన్ అందుకుంది.

"యోరున్‌కు చేస్తున్నాను. ఇంకేం దారి లేదు. అమ్మ బతుకంతా కథలే చెప్పింది, నాకు తెలుసు. జీపు కథ, పీపా కథ, అన్నీ సగం కల్పనే. ఆవిడ చెప్పిన ఒకే ఒక్క నిజం ఈ పెనం. దాన్నీ పాడుచేశారు."

తాతయ్యకు కాఫీ పొలమారింది. దగ్గాడు. ఆ దగ్గులో నవ్వు కలిసి ఉంది. పెద్దమ్మ ఫోన్ దించి తండ్రివైపు చూసింది, ఓడలో అనుమానపు పెట్టెను చూసినట్టు.

"నాన్నా, చేతులు చూపించు."

"చేతులెందుకు, నోటితోనే చెప్తాను. నేనే తోమాను. ఇప్పుడే కాదు, పెళ్ళయిన ఏడాది నుంచీ తోముతున్నాను. అప్పుడోసారి మీ అమ్మ దాని మీద హెర్రింగ్ వేయించి, మర్నాడు దాని మీదే అట్లు పోసింది. తిన్నాను, ఏం చేస్తాను, కొత్త పెళ్ళికొడుకుని. ఆదివారం ఆవిడ పాటకు వెళ్ళగానే బాగా తోమి, గొర్రెకొవ్వు రాసి, పొయ్యి మీద కాల్చి, మళ్ళీ నల్లగా చేసి పెట్టాను. ఆ వారం అట్లు అద్భుతంగా వచ్చాయి. కడగనందుకే వచ్చాయని ఊరంతా చాటింది. ఇంక నేనేం చెప్పను? ప్రతి ఆదివారం అదే పని. ఓసారి పాట లేదని ముందే వచ్చేసింది. గుమ్మంలో నిలబడింది. నా చేతిలో పెనం, పెనం నిండా నురగ. ఒక్క మాట అనలేదు. మళ్ళీ బయటికి పోయి, కాసేపుండి, పెద్దగా దగ్గుతూ వచ్చింది. అప్పట్నుంచీ ఎప్పుడూ దగ్గుతూనే వచ్చేది. మొన్న ఆదివారం కూడా తోమాను. తుడిచి, కొవ్వు రాయబోతుంటే చర్చి నుంచి ఫోనొచ్చింది. అలాగే అలమరలో పెట్టేశాను. తొందరపడి నల్లగా చెయ్యడానికి ఇంక దగ్గే మనిషేదీ? సరే, ఆ కొవ్వు ఇలా ఇవ్వు. మీరంతా కాసేపు బయటికి పొండి. ఎవరైనా చూస్తుంటే నాకు చేతకాదు."