కోసిన చెట్టుకూ మందు కావాలి

రాత్రంతా కురిసిన ఆకాశం తెల్లారేసరికి తేరుకుంది. మబ్బులు సముద్రం వైపు తరలిపోయాయి. గాలి లేదు. ఆకు రాలే కాలంలో, ఫ్రాన్స్‌లోని నార్మండీ ఆపిల్ తోటలకు తెగులు సోకకుండా మైలుతుత్తం నీళ్లు కొట్టడానికి ఇంతకంటే మంచి పొద్దు దొరకదు.

తోట యజమాని లెయోన్స్ బరువు ఎత్తకూడదు. అన్నం దిగే గొట్టంలో క్యాన్సర్ వస్తే, పదకొండు వారాల కిందట ఆపరేషన్ చేసి తీశారు. అందుకని పొరుగు రైతు గుస్తావ్ మందు డబ్బా వీపుకు తగిలించుకున్నాడు. లెయోన్స్ వెనకాలే నడుస్తూ చెట్లు చూపిస్తున్నాడు.

భార్య సొలాంజ్ కారు తాళాలతో గట్టు దగ్గరికి వచ్చింది. "టైమవుతోందయ్యా. ఆసుపత్రిలో ఇవాళే మొదటి డ్రిప్."

"నేను రాను. కోసేశారు, అయిపోయింది."

"అదీ మాట!" అన్నాడు గుస్తావ్. "ఇంకా సూదులు పొడిచి నిన్ను జల్లెడ చేస్తారా?"

సొలాంజ్ తాళాలు గుప్పిట్లో పట్టుకుంది. అక్కడే నిలబడింది.

"ఆ మూల చెట్టుకూ కొట్టు" అన్నాడు లెయోన్స్.

"దీనికెందుకురా? కుళ్లు కొమ్మని పోయిన చలికాలమే కోసేశావు. చూడు, ఎంత శుభ్రంగా ఉందో!"

"కంటికి శుభ్రమే. ఆకు రాలిన ప్రతిచోటా సన్నటి గాయం ఉంటుంది. కనబడనిది ఏదైనా మిగిలితే అందులోంచి మళ్లీ..."

మాట అక్కడ ఆగింది. తన నోటి మాట తనకే కొత్తగా వినబడింది.

"ఆపావేం? మిగతాది కూడా చెప్పు" అంది సొలాంజ్.

"తాళాలు తీసుకున్నావుగా, పద."

ఆసుపత్రిలో డాక్టరమ్మను అతడు వదల్లేదు. కోసి తీసిన ముక్కలో ఏం కనబడింది? ఈ మందు లోపల ఏం చేస్తుంది? ఏడాది పాటు ఎందుకు ఎక్కించాలి?

"ఆపరేషన్‌కు ముందు మందులూ రేడియేషనూ ఇచ్చినా, ఆ ముక్కలో ఇంకా బతికున్న క్యాన్సర్ కణాలు కనబడ్డాయి. అలాంటివి ఇంకెక్కడైనా దాగి ఉండొచ్చు. ఈ మందు మీ ఒంట్లో రోగంతో పోరాడే కాపలావాళ్లను వాటి మీదికి లేపుతుంది. వాళ్లు ఒక్కోసారి మంచి భాగాల మీదా పడతారు. ఆయాసమొచ్చినా, విరేచనాలైనా, దద్దుర్లు లేచినా వెంటనే ఫోన్ చేయాలి. మళ్లీ రాదని హామీ ఇవ్వలేను లెయోన్స్ గారూ. వచ్చే అవకాశం తగ్గుతుంది."

"నా చెట్లకు నేనూ హామీ ఇవ్వలేనమ్మా. అయినా ఏటా కొడతాను" అని చొక్కా చెయ్యి పైకి మడిచాడు.

సాయంత్రం గుస్తావ్ వచ్చాడు. "ఏమన్నారు?"

"కోత మొదటి పని మాత్రమేనట. కంటికి కనబడనిదాన్ని లేదనుకోవడమే మన తప్పు గుస్తావ్. తర్వాత మందు ఉందంటే ఎందుకో అడగాలి. అడగకుండా ఇంట్లో కూర్చోకూడదు."

సొలాంజ్ ముగ్గురికీ సూప్ వడ్డించింది. లెయోన్స్ ఇప్పుడు చిన్న గిన్నెలో కొంచెం కొంచెంగానే తినగలడు. రోజూ కాఫీలో కలుపుకునే ఆపిల్ సారా సీసా బల్ల మీదే ఉన్నా గుస్తావ్ దాని వైపు చెయ్యి చాచలేదు. లెయోన్స్ ఊపిరి తీసుకోవడానికి చెంచా దించినప్పుడల్లా వాళ్లిద్దరూ తమ చెంచాలు దించారు. అతడు ఎత్తినప్పుడే ఎత్తారు.